రెండు స్వరాలు చాలన్న మాస్టారు: మూడేళ్ళ తరువాత

ఈ మాస్టారి జాజ్ గిటార్ క్లినిక్‌కు (శిక్షణ తరగతికి) వారానికి ఒకరోజు చొప్పున మూడేళ్ళుగా వెళ్తున్నాను. వేళలు, ఏ గిటార్ తెచ్చుకోవాలి వంటివి అడిగితే వాళ్ళే చెబుతారు. నేను రాయాలనుకున్నది ఒక్క విషయం గురించే: ఇంకొకరికి తోడు వాయించడం అక్కడ నేర్పే తీరు.

మాస్టారి జీవితంలో ఎక్కువ భాగం గాయకుల వెనుక, శాక్సోఫోన్ల వెనుక గడిచింది. చేరినప్పుడు నాకది లోటుగా తోచింది. జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ సోలోలు (ఒక్కరే ముందుకు వచ్చి వాయించే భాగాలు) విని గిటార్ పట్టినదాన్ని, నాకు కావలసినది సోలో. మాస్టారు మాత్రం మొదటి నెలంతా గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్‌ను వినిపించారు. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి, 1987లో చనిపోయేదాకా దాదాపు యాభై ఏళ్ళు, సోలోల జోలికి వెళ్ళకుండా బార్‌కు (తాళంలో ఒక ఆవృత్తికి) నాలుగు దెబ్బలతో బృందం నడకను నిలబెట్టిన మనిషి.

ఆరో నెలలో ఒక గాయని వచ్చారు. ఆమెకు తోడు నన్ను వాయించమన్నారు. కార్డులకు (ఒకేసారి మోగే స్వరాల గుంపులకు) అదనంగా చేర్చే తొమ్మిదో స్వరాలు, పదమూడో స్వరాలు, నేర్చుకున్నవన్నీ కలిపి ఆరు తీగల మీదా నిండుగా వాయించాను. రెండో వరుసలోనే ఆమె ఆగి, తన గొంతు తనకే వినపడటం లేదన్నారు. నాకు చేతులు చల్లబడ్డాయి. మాస్టారు దగ్గరకు వచ్చి, నడిమి రెండు తీగలు తప్ప మిగిలినవి ముట్టుకోవద్దన్నారు. డి మైనర్ సెవెన్ కార్డుకు ఎఫ్, సి స్వరాలు చాలు. జి సెవెన్ కార్డు రాగానే ఎఫ్ అక్కడే ఉంటుంది, సి ఒక్క మెట్టు దిగి బి అవుతుంది. సి మేజర్ సెవెన్‌కు బి కదలదు, ఎఫ్ ఒక్క మెట్టు దిగి ఇ అవుతుంది. అంతే. కార్డు అడుగు స్వరాన్ని బేస్ వాద్యం చూసుకుంటుంది, పైదంతా పాడేవాళ్ళది. ఆమె మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్కో మార్పుకు నా వేలు ఒక్క మెట్టే కదులుతోంది, అయినా పాట ఎటు తిరుగుతోందో స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె ఊపిరి తీసుకునే చోటు కూడా మొదటిసారి నా చెవిన పడింది. పదేళ్ళు రాక్ వాయించాను, అలాంటి క్షణం నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు.

ఆ ఏడాది కనిపించిన ప్రతివారికీ ఇక్కడ చేరమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. సోలో నేర్పేటప్పుడు మాస్టారు తాను వాయించి, పాడి చూపించమంటారు. కాగితం మీద ఏమీ పెట్టరు. చెవికి మంచిదే, కానీ కొత్త పాట స్వరలిపి ముందు పెడితే నేను ఇప్పటికీ తడబడతాను. ఎనిమిది మంది ఉన్న రోజు ఒక్కొక్కరి వంతుకు పది నిమిషాలు కూడా దక్కవు. అడిగి చూశాను, పెద్దగా మారలేదు.

నాకు అప్పటికే కార్డులు వచ్చు, రోజూ రాత్రి గంటసేపు సాధన చేసే వీలుంది, వేదిక ఎక్కాలన్న తొందర లేదు. కనుక కుదిరింది. కొత్తగా గిటార్ పట్టేవారికి, పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఇలాగే కుదురుతుందని అనలేను. వచ్చే ఏడాదికి నేను మళ్ళీ పేరు ఇచ్చాను, నెలకు రెండు తరగతులకే. మిగిలిన రెండు వారాలు స్వరలిపి చదవడం నేర్పే మరొకరి దగ్గరకు వెళ్తున్నాను.