టెర్మినల్‌లో మెయిల్ లింకులు: యూఆర్ఎల్‌స్కాన్‌ను చాలాకాలం వాడాక

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థకు సర్వర్లు, మెయిళ్ళు చూసుకోవడం నా ఉద్యోగం. రోజూ వచ్చే మెయిళ్ళను టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెర మీద, మట్ అనే ప్రోగ్రాంలోనే చదువుతాను. మైకేల్ ఎల్కిన్స్ 1995లో మొదలుపెట్టిన మట్ చదవడానికి, వెతకడానికి, జవాబు రాయడానికి నాకు ఏ లోటూ చేయలేదు. లింకును బ్రౌజర్‌కు అందించే పనిని మాత్రం అది వేరే సాధనానికి వదిలేస్తుంది. ఆ పనికి చాలాకాలం యూఆర్ఎల్‌వ్యూ వాడి, తర్వాత యూఆర్ఎల్‌స్కాన్‌కు మారి, దానితోనే స్థిరపడ్డాను.

తెర మీద కనిపించే లింకును మౌస్‌తో నొక్కితే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. చిన్న లింకులకు అది సరిపోతుంది. లింకు పొడవైనదైతే మట్ దాన్ని తెర వెడల్పుకు విరిచి, తర్వాతి వరుస మొదట్లో కూడిక గుర్తు పెడుతుంది. టెర్మినల్‌కు అందేది సగం చిరునామానే. మార్కర్స్ అనే అమరికను ఆపేస్తే ఆ గుర్తు పోతుంది గానీ, అసలు చిక్కు మెయిల్ లోపలే ఉంటుంది. కోటెడ్ ప్రింటబుల్ అనే, అక్షరాలను సంకేతాలుగా మార్చి పంపే పద్ధతిలో వచ్చే మెయిళ్ళలో ఏ వరుసా 76 అక్షరాలు దాటకూడదు, దాటితే చివర సమానం గుర్తు పెట్టి విరవాలి. తెలుగువారికి ఇది మరీ తరచుగా ఎదురయ్యే విషయం. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు వర్ణానికి 3 బైట్లు పడతాయి, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. విజయవాడ అనే పేరులో గుణింతపు గుర్తులతో కలిపి 7 వర్ణాలున్నాయి కాబట్టి ఆ పేరుకే 63 అక్షరాలు కావాలి. తెలుగు వికీపీడియాలో ఆ వ్యాసపు పూర్తి చిరునామా 93 అక్షరాలకు చేరుతుంది. అంటే కోటెడ్ ప్రింటబుల్ మెయిల్‌లో ఆ లింకు విరగకుండా రావడం అసాధ్యం.

యూఆర్ఎల్‌వ్యూ తనకు అందిన పాఠంలో లింకులా కనిపించే ముక్కలను నమూనాతో పోల్చి, ఏరి, జాబితాగా చూపిస్తుంది. అంతకుమించి మెయిల్ నిర్మాణం దానికి తెలియదు. మెయిల్‌ను విప్పి మరో ప్రోగ్రాంకు అందించే పైప్ డీకోడ్ అమరికను మట్‌లో పెట్టుకుంటే విరిగిన వరుసలు అతుక్కుని వస్తాయి. అయితే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రూపంలోని) మెయిళ్ళను, ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాం తెరవాలో చెప్పే మెయిల్‌క్యాప్ ద్వారా, డబ్ల్యూ3ఎం అనే అక్షరాల బ్రౌజర్‌తో పాఠంగా మార్చుకునేవారికి అక్కడ ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది: ఆ పాఠంలో "ఇక్కడ నొక్కండి" అన్న మాట మిగులుతుంది, దాని వెనకున్న చిరునామా మాయమవుతుంది. లింక్స్ (Lynx) అనే అలాంటి మరో బ్రౌజర్ మార్చి ఇచ్చే పాఠం (డంప్) అయితే చిరునామాలను చివర్లో వరుస సంఖ్యలతో ఇస్తుంది గానీ, మెయిల్‌లో నలభై లింకులుంటే ఏ మాటకు ఏ లింకో పైకీ కిందకీ వెతుక్కోవాలి.

పైథాన్‌లో రాసిన యూఆర్ఎల్‌స్కాన్ మొత్తం మెయిల్‌ను తానే విప్పి చదువుతుంది. కోటెడ్ ప్రింటబుల్ అయినా, బేస్64 అనే మరో సంకేత పద్ధతి అయినా విప్పుకుని, హెచ్‌టీఎంఎల్ లోపలి చిరునామాలను బయటికి తీసి, ప్రతి లింకునూ దాని చుట్టూ ఉన్న వాక్యంతో సహా చూపిస్తుంది. నా దృష్టిలో దీని అసలు విలువ లింకు తెరవడంలో కంటే, తెరవకముందే లింకును చూపించడంలో ఉంది. మా లెక్కల విభాగంలోని అబ్బాయి ఒకసారి ఒక మెయిల్ నాకు పంపి, "అన్నయ్యా, సరుకు ఆగిందట, కస్టమ్స్ సుంకం కట్టమని లింకు పెట్టారు, తెరవమంటారా?" అని అడిగాడు. మెయిల్‌లో కనిపించే మాట ప్రభుత్వ శాఖ పేరే. యూఆర్ఎల్‌స్కాన్‌లో పెడితే ఆ మాట కిందనే అసలు చిరునామా కనబడింది: ముందు భాగంలో ఆ శాఖ పేరు, దాని తర్వాత ఎవరిదో తెలియని డొమైన్, ఆ తర్వాతే, https:// ను వదిలేస్తే, మొదటి ఏటవాలు గీత. డొమైన్ ఎవరిదో తేల్చేది ఆ గీతకు సరిగ్గా ముందున్న భాగమే గానీ, మొదట్లో ఉన్న పేరు కాదు. ఆ రెండింటినీ తెర మీద పక్కపక్కనే చూపించాక ఆ అబ్బాయికి వేరే వివరణ అవసరం రాలేదు. అప్పటినుంచి ఇలాంటి మెయిళ్ళను తానే ఆపుతున్నాడు.

అమరిక పెద్ద శ్రమ కాదు. మట్‌లో కంట్రోల్-బీకి ఒక మాక్రో (ఒక్క మీటతో నడిచే ఆదేశాల వరుస) రాసి మెయిల్‌ను యూఆర్ఎల్‌స్కాన్‌కు పైప్ చేస్తే, అంటే నేరుగా అందిస్తే, చాలు. ఒకే లింకు పదిసార్లు ఉండే మెయిళ్ళకు పునరావృతాలను తీసేసే డీడూప్ ఐచ్ఛికం తప్పక పెట్టుకోవాలి. బ్రౌజర్‌కు బదులు మన స్క్రిప్టును నడిపించే రన్ ఐచ్ఛికం కూడా ఉంది. ఆ స్క్రిప్టులో చిరునామా ఉన్న చలరాశిని జంట ఉద్ధరణ చిహ్నాల మధ్యే ఉంచాలని గట్టిగా చెబుతాను. లింకును చేత్తో షెల్‌లో, అంటే ఆదేశాలను నడిపే ప్రోగ్రాంలో, అతికించేవారు ఒంటి ఉద్ధరణ చిహ్నాలు వాడాలి. లేకపోతే చిరునామాలో & గుర్తు రాగానే షెల్ అక్కడికి ఆదేశం ముగిసిందనుకుని, మొదటి సగాన్ని నేపథ్యంలో నడిపి, మిగిలినదాన్ని వేరే ఆదేశంగా తీసుకుంటుంది. బ్రౌజర్ తెరుచుకుంటుంది, పేజీ మాత్రం చెల్లని లింకు అంటుంది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకుల విషయంలో నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

ఎస్ఎస్‌హెచ్ అనే సురక్షిత అనుసంధానం ద్వారా దూరపు సర్వర్‌లో మెయిల్ చదివేవారికి ఇంత సుఖం లేదు, ఎందుకంటే ఆ యంత్రానికి తెరే ఉండదు. అక్కడే డబ్ల్యూ3ఎం తెరిస్తే చదువుకునే పేజీలు బాగానే వస్తాయి. జావాస్క్రిప్ట్ మీద ఆధారపడే లాగిన్ పేజీలు పనిచేయవు. పైగా అవతలి సైటుకు మన ఊరి ఐపీ కాకుండా సర్వర్ ఐపీ కనిపిస్తుంది, దానితో కొన్ని సేవలు అనుమానపడి ఖాతాను ఆపుతాయి. అందుకే ఎంబీసింక్ అనే సాధనంతో మెయిళ్ళను నా ల్యాప్‌టాప్‌లోకే తెచ్చుకుని, మట్‌ను ఇక్కడే నడుపుతున్నాను. వేసవి మధ్యాహ్నాల్లో కరెంటు పోయి, దానితోపాటు నెట్ ఆగినా, వచ్చిన మెయిళ్ళు చదువుకోవడానికి అడ్డంకి ఉండదు.

లోపాలూ ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో యూఆర్ఎల్‌వ్యూ తెరుచుకున్నంత చురుకుగా ఇది తెరుచుకోదు. లింకు చుట్టూ ఉన్న వాక్యం తెలుగులో ఉంటే నా టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి వరుసలు పక్కకు జరుగుతాయి. ఇది టెర్మినల్ లోపమే అయినా చదివేవారి కళ్ళకు శ్రమే. ప్రచార మెయిళ్ళలో అయితే ప్రతి లింకూ ముందు మెయిల్ పంపే సేవ సర్వర్‌కు వెళ్ళి, అక్కడి నుంచి అసలు పేజీకి మళ్ళుతుంది. అప్పుడు యూఆర్ఎల్‌స్కాన్ చూపించేది ఆ మధ్యవర్తి చిరునామానే, గమ్యం కాదు. తెలిసినవారి మెయిల్ అయితే కర్ల్ అనే సాధనంతో హెడర్లు (పేజీకి ముందు సర్వర్ పంపే సమాచార వరుసలు) మాత్రం తెప్పించుకుని, లొకేషన్ వరుసలో ఆ లింకు ఎక్కడికి పోతుందో చూస్తాను. ఆ ఒక్క అభ్యర్థన కూడా పంపినవారి లెక్కలో నొక్కినట్టే నమోదు కావచ్చు, ఒక్కసారికే చెల్లే లింకైతే దానితోనే ఖర్చయిపోవచ్చు. కాబట్టి అనుమానం ఉన్న మెయిళ్ళ మీద ఆ పని చేయను. ఎవరి పేరుతో వచ్చిందో వారికే ఫోన్ చేసి అడుగుతాను.