హిమాలయాలు ఎంత నలుగుతున్నాయో చూపించే ఉచిత సర్వీసు: నెవాడా జీపీఎస్ డేటా

రేటింగ్: 5కి 4

డిగ్రీ పిల్లలకు జియాలజీ చెబుతాను. భారత ఫలకం ఆసియాను గుద్దుకుని హిమాలయాలు లేచాయంటే బుద్ధిగా రాసుకుంటారు. ఆ గుద్దుడు ఇంకా ఆగలేదని నమ్మించడమే కష్టం. అందుకు నేను వాడేది అమెరికాలో రీనోలో ఉన్న నెవాడా యూనివర్సిటీ జియోడెటిక్ లాబొరేటరీ వెబ్‌సైటు. ప్రపంచంలోని వేల జీపీఎస్ స్టేషన్లు ఏ రోజు ఎక్కడున్నాయో మిల్లీమీటర్ల లెక్కలో పెడతారు. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ గొడవ లేదు.

"మా ఫోను జీపీఎస్ పక్కవీధిలో చూపిస్తుంది మేడమ్" అని ఎవడో ఒకడు అననే అంటాడు. ఇవి నేలలో కదలకుండా బిగించిన యాంటెన్నాలు. రోజంతా పట్టిన సిగ్నళ్లలో ఉపగ్రహాల కక్ష్యల తేడాలు, గడియారాల తేడాలు సరిచేశాక వచ్చే స్థానం ఇది.

ముందు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) స్టేషన్ తెరిపిస్తాను. అది ఉత్తరానికి ఏడాదికి సుమారు 3.5 సెంటీమీటర్లు జరుగుతోంది. తర్వాత హిమాలయాలకు అవతల, టిబెట్‌లోని లాసా. అదీ ఉత్తరానికే, కానీ 1.5 దగ్గరే. తీసివేత పిల్లలతోనే చేయిస్తాను. ఆ 2 సెంటీమీటర్లు ఏటా మధ్యలో ఉన్న హిమాలయాలు మింగాల్సిందే.

అసలు సరుకు నేపాల్ స్టేషన్లలో ఉంది. ఖాట్మండు పక్కన కాకనిలో ఉన్న కేకేఎన్4 అనే స్టేషన్ గ్రాఫ్ చూడండి. ఏళ్ల తరబడి నింపాదిగా సాగిన గీత 2015 ఏప్రిల్ 25న, 7.8 తీవ్రత భూకంపంలో, మీటరున్నరకు పైగా దక్షిణానికి దూకింది, మీటరుకు పైగా పైకి లేచింది. ఇంకా ఉత్తరాన, ఎత్తైన కొండల వైపున్న చిలిమె స్టేషన్ మాత్రం అర మీటరుకు పైగా కుంగింది. భూకంపంలో హిమాలయాలు కిందికి దిగడమేమిటని క్లాసంతా గోల! కింద బిగుసుకుపోయిన భ్రంశం (రాతి పొరల మధ్య పగులు) మీద ఏళ్లుగా పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా వదిలింది. ముందు అంచు లేచింది, వెనక భాగం దిగింది. బోర్డు మీద బాణాలు గీసి ఈ సంగతి చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టేది.

ఎత్తు గ్రాఫులో ఏటా వచ్చే అలను కూడా వదలొద్దు. వానాకాలం నీటి బరువుకు నేల దిగి, నీరు తగ్గాక లేస్తుంది.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, కొత్తవాళ్లకు ఇది కొరుకుడు పడదు. స్టేషన్లకు నాలుగక్షరాల కోడ్‌లు, ఫైళ్లలో పొడి అక్షరాల శీర్షికలు. పూర్ణ మీటర్లు ఒక కాలమ్‌లో, మిగిలిన భాగం ఇంకో కాలమ్‌లో ఉంటాయి, రెండూ కూడుకోవాలి. నేపాల్‌తో పోలిస్తే మన వైపు హిమాలయాల్లో స్టేషన్లు బాగా పలచన. ఉత్తరాఖండ్‌లోని గర్వాల్, కుమావున్ మీద ప్రాజెక్టు చేద్దామనుకునే పిల్లలకు అది నిరాశే.

తొందరలో ఉన్నవాళ్లకు మైడాస్ పద్ధతిలో కట్టిన వేగాల పట్టిక ఉంది. ఏడాది ఎడంగా ఉన్న రోజుల జతలు తీసుకుని మధ్యగత విలువ ఇస్తుంది కాబట్టి, యాంటెన్నా మార్చినప్పుడు వచ్చే దూకుడు దాన్ని పెద్దగా చెడగొట్టదు. కాకని లాంటి చోట్ల మాత్రం ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోకండి, గ్రాఫ్ తెరవండి.