ఎన్‌వీడీఏ: చూపున్న నేను ఎందుకు వేసుకున్నాను

నా పక్క సీట్లో పనిచేసే ఆయనకు చూపు లేదు. కలిసి పని మొదలుపెట్టిన రెండో వారంలో ఒక లెక్కల పట్టికను స్క్రీన్‌షాట్ తీసి మెయిల్లో పెట్టాను. "మీరు పంపినదాంట్లో నాకు 'గ్రాఫిక్' అన్న ఒక్క మాటే వినిపించిందండీ" అన్నారు, నన్ను నొప్పించకుండా. ఆ సాయంత్రమే నా లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేసుకున్నాను.

విండోస్‌లో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇది. చూపు లేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టారు. పూర్తిగా ఉచితం.

మౌస్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని నా రిపోర్టు నేనే విన్నాను. బ్రౌజ్ మోడ్‌లో, అంటే కీబోర్డు మీటలతో పేజీలో తిరుగుతూ చదివే పద్ధతిలో, హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లాలి. నా రిపోర్టులో ఎక్కడికీ వెళ్లలేదు. నేను శీర్షికలనుకున్నవన్నీ బోల్డ్ చేసి వదిలేసిన మామూలు వాక్యాలే! లింకులైతే వరసగా "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని వినిపించాయి. దేనికో ఎలా తెలుస్తుంది? పది నిమిషాలకే తల తిరిగింది. ఆయన నాకు అందనంత వేగంలో రోజంతా వింటారు.

కొత్తవాళ్లు ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో స్పీచ్ వ్యూయర్ ఆన్ చేసుకోండి, చదివేదంతా అక్షరాల్లో కూడా కనిపిస్తుంది. నాకు బాగా ఉపయోగపడింది అదే.

ఫైలు సంగతి వరకే ఇది చెప్పగలదు. మీటింగుల గురించి ఆయన్నే అడిగాను. "మాట్లాడేముందు మీ పేరు చెప్పండి. 'ఇది చూడండి' అనకుండా మూడో కాలమ్ అనండి, చాలు" అన్నారు.