మెదక్ చర్చి పగలే చూడండి, రాత్రికి మాత్రం ఆగకండి

మెదక్ చర్చికి వంక పెట్టడానికి ఏమీ లేదు. వంకంతా మేం దిగిన లాడ్జిదే. ఫోన్‌లో రూము 900 అన్నారు. సాయంత్రం సామాన్లతో కౌంటర్ ముందు నిలబడ్డాక అది 1,600 అయింది. ఇదేంటని అడిగితే, "డిసెంబర్ కదా సార్, పబ్లిక్ బాగొస్తరు" అన్నాడు కుర్రాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్య మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా ఆగి నా వంక చూసేది. ఏమీ అనకపోవడమే ఎక్కువ టెన్షన్. గీజరు గోడకు ఉంది గానీ పనిచేయదు. వేణ్ణీళ్ళు బకెట్‌కు 50. దుప్పటి మార్చమంటే కుర్రాడు వచ్చి, ఉన్నదాన్నే తిరగేసి పరిచి వెళ్ళాడు. ఎవరిదో టీ మరక కిందికి పోయింది, అంతే. మా ఆవిడ రాత్రంతా తన చీర పరుచుకుని పడుకుంది.

ప్రయాణానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో నాకు 150, ఆడవాళ్ళిద్దరికీ మహాలక్ష్మి పథకం కింద ఉచితంగా జీరో టికెట్.

పొద్దున ఆ చిరాకుతోనే చర్చికి వెళ్ళాం. చెప్పులు బయట వదిలి లోపలికి అడుగు పెట్టగానే అత్తయ్య, "ఇంత పెద్దదా!" అంది. ముందురోజు సాయంత్రం నుంచి ఆవిడ నోటి వెంట వచ్చిన మొదటి మంచి మాట అది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంట గోపురం 175 అడుగులు. నిజాం రాజ్యంలోని ఒక చిన్న ఊళ్ళో ఇంతటిది కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ (మెథడిస్టులంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ). 1914లో పని మొదలైంది. అవి మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, దానికి తోడు కరువు. ఈ కట్టడం పనే చుట్టుపక్కల పల్లెల జనానికి ఇంత తిండి పెట్టింది. బల్ల మీద మా పక్కన కూర్చున్న పెద్దాయన, "మా తాత ఈడ రాళ్ళు మోసిండు" అన్నాడు, అదేదో ఇంటి ఆస్తి గురించి చెప్పినట్టు.

1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అప్పటికిది కెథెడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే చర్చి, కాదు. బ్రిటిష్ మెథడిస్టుల్లో బిషప్పులే ఉండరు. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యాక, మెదక్‌కు బిషప్ వచ్చాకే ఆ హోదా.

రంగు అద్దాల కిటికీలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీవి. ఎదురుగా ఉన్న ఆరోహణం, అంటే క్రీస్తు పరలోకానికి వెళ్ళే దృశ్యం, 1927లో పెట్టారు. ఒక పక్క క్రీస్తు జననం 1947లో, ఇంకో పక్క సిలువ 1958లో వచ్చాయి. అద్దాల వెనక లైట్లేమీ లేవు, అంతా బయటి వెలుగే. ఎండ మబ్బు చాటుకు పోతే నీలం నల్లబడింది, మళ్ళీ ఎండ రాగానే క్రీస్తు వస్త్రం మెరిసింది. లైటింగ్ కోసం రాత్రి వెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు లోపలికి వెళ్ళి చూసినట్టు లేదు.

తర్వాత ఏడుపాయల దుర్గమ్మ గుడికి ఆటో 800 అడిగి 600కు వచ్చాడు, మంచి మనిషి.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి వచ్చేయండి, లాడ్జి గొడవే ఉండదు. ఆదివారమైతే ఆరాధన ముగిసేదాకా ఆగి లోపలికి వెళ్ళండి. క్రిస్మస్ రోజు మాత్రం వద్దు. ఆ జనంలో కిటికీ దగ్గరికి చేరేసరికే పొద్దు గూకుతుంది.