ఎల్డెన్ రింగ్ మొదటిసారి ఆడుతున్నారా? వాగబాండ్, సమురాయ్, ఆస్ట్రాలజర్: ఏది మేలు?

కొత్త ఆట మొదలుపెట్టగానే పది క్లాసులు, అంటే మీ పాత్ర ఎలా మొదలవాలో చెప్పే రకాలు, ఎదురుగా నిలబడతాయి. ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాల పరిచయం, పక్కన ఎనిమిది స్టాట్స్ అంకెలు. అంతకుమించి ఆట ఏమీ చెప్పదు. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన రోజు నుంచి ఇప్పటిదాకా, ఎల్డెన్ రింగ్ కొత్తగా కొన్నవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఇదే: దేనితో మొదలుపెట్టాలి? దీన్ని తయారుచేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఆటలు ఇంతకుముందు ఆడనివాళ్లకు ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. ఈజీ, నార్మల్, హార్డ్ అని ఎంచుకునే వీలు ఇందులో లేదు కాబట్టి, క్లాస్ ఎంపికే కష్టాన్ని తగ్గించే దారి అనిపిస్తుంది. కొంతవరకు అది నిజమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి ఆట మీకు ఇదే మొదటిదైతే వాగబాండ్ తీసుకోండి. యాక్షన్ ఆటలు బాగా అలవాటుండి, దెబ్బ తప్పించుకోవడం చేతికి వచ్చినవాళ్లైతే సమురాయ్. ఆస్ట్రాలజర్ మంచి క్లాసే. కానీ "మ్యాజిక్ అయితే ఈజీ" అన్న మాట నమ్మి తీసుకుంటే మొదటి పది గంటలు బాధపడతారు. నేను అలాగే తీసుకుని బాధపడ్డాను కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఆస్ట్రాలజర్ చేతిలో ఒక స్టాఫ్, ఒక చిన్న కత్తి, ఒక చెక్క షీల్డ్ ఉంటాయి. గ్లింట్‌స్టోన్ పెబుల్, గ్లింట్‌స్టోన్ ఆర్క్ అనే రెండు మంత్రాలు మొదటి నుంచే వచ్చి ఉంటాయి. పెబుల్‌కి ఒక్కసారికి 7 ఎఫ్‌పీ (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) చాలు. దూరం నుంచి నీలిరంగు రాయి దూసుకెళ్లి సైనికుడికి తగులుతుంది, వాడు మీ దాకా వచ్చేలోపే పడిపోతాడు. తొలి అరగంట చాలా హాయిగా గడుస్తుంది. కానీ హెల్త్‌ను నిర్ణయించే స్టాట్ విగర్ 9 మాత్రమే, అంటే హెల్త్ 396. వాగబాండ్‌కి విగర్ 15, హెల్త్ 522. స్క్రీన్ మీద ఈ తేడా చిన్నగానే కనిపిస్తుంది. ఆటలో మాత్రం ఒక తప్పు చేశాక ఫ్లాస్క్ (హెల్త్ నింపే సీసా) తాగడానికి మీకు సమయం దొరుకుతుందా లేదా అన్నది ఈ తేడాయే నిర్ణయిస్తుంది.

గేట్‌ఫ్రంట్ శిథిలాల దగ్గర సైనికుల గుంపు ఉంటుంది. వాళ్లలో ఒకడు మిమ్మల్ని చూసి బూర ఊదితే అందరూ ఒక్కసారిగా మీద పడతారు. ఆస్ట్రాలజర్‌తో అక్కడ నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. మంత్రం వేయడానికి చెయ్యి పైకెత్తిన ఆ క్షణంలో ఇంకొకడు పక్కనుంచి పొడిచేవాడు. నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టిన విషయం ఇది: అన్నిసార్లు చచ్చినా నేను నేర్చుకున్నది ఏమీ లేదు. శత్రువు ఎలా కొడతాడో చూసేంతసేపు బతికుంటేనే కదా నేర్చుకునేది! మొదటిసారి ఆడేవాళ్లకు క్లాస్ ఎంపికలో దీన్ని మించిన కొలత లేదని నా నమ్మకం. ఏ క్లాస్ ఎంత డ్యామేజ్ ఇస్తుందన్నది తర్వాతి సంగతి. ఏ క్లాస్ మిమ్మల్ని ఒక తప్పు చేసి కూడా నిలబడనిస్తుందో ముందు అది చూడండి.

ఇక వాగబాండ్. లాంగ్‌సోర్డ్, హాల్బర్డ్, హీటర్ షీల్డ్, ఒళ్లంతా ఇనుప కవచం. ఇందులో అసలు విలువైన వస్తువు షీల్డే. హీటర్ షీల్డ్ మామూలు ఆయుధాల దెబ్బను నూటికి నూరు శాతం ఆపుతుంది. స్టామినా తగ్గుతుంది తప్ప హెల్త్ తగ్గదు. అలా దెబ్బను ఆపిన వెంటనే హెవీ అటాక్ బటన్ నొక్కితే గార్డ్ కౌంటర్ పడుతుంది. రెండు మూడు గార్డ్ కౌంటర్లు తగిలేసరికి మామూలు సైనికుడు తూలి మోకాళ్ల మీద కూలబడతాడు, అప్పుడు ముందుకెళ్లి క్రిటికల్ కొట్టవచ్చు. రోల్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) టైమింగ్ ఇంకా రాని మనిషికి ఇంతకన్నా మంచి చదువు ఉండదు. షీల్డ్ వెనక నిలబడి శత్రువు కత్తి ఎప్పుడు పైకి లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో తాపీగా చూడవచ్చు. ఆ లయ కంటికి పట్టాక రోల్ దానంతట అదే వస్తుంది.

లోపాలు లేవని కాదు. బరువు ఎక్కువ. ఆట మొదలవగానే ఎక్విప్‌మెంట్ స్క్రీన్ తెరిచి లోడ్ ఎంత ఉందో చూసుకోండి. మోయగలిగిన బరువులో 70 శాతం దాటితే పాత్ర దొర్లడం మానేసి దభీమని పడుతుంది. 30 శాతం లోపు ఉంటే చాలా చురుగ్గా దొర్లుతుంది. మధ్యలో ఉన్నదే మామూలు రోల్, మీకు కావలసింది అదే. హెవీ అని కనిపిస్తే ముందు హాల్బర్డ్ తీసి పక్కన పెట్టండి, రెండు ఆయుధాలు ఒకేసారి మోయనక్కర్లేదు. ఇంకో మాట, షీల్డ్ మీదే పూర్తిగా ఆధారపడే అలవాటు కూడా ప్రమాదమే. పెద్ద బాస్ వరుసగా నాలుగు దెబ్బలు వేస్తే స్టామినా అయిపోయి షీల్డ్ పక్కకు పోతుంది. నిప్పు, మ్యాజిక్ లాంటివాటిని హీటర్ షీల్డ్ పూర్తిగా ఆపదు. అయినా ఆ సమస్య వచ్చేనాటికి మీరు చాలా నేర్చుకుని ఉంటారు.

సమురాయ్ ఈ ఇద్దరి మధ్యలో నిలబడతాడు. విగర్ 12, ఎండ్యూరెన్స్ 13, డెక్స్‌టెరిటీ 15. చేతిలో ఉచిగటాన, వీపున లాంగ్‌బో. ఉచిగటానకు రక్తస్రావం గుణం ఉంది: వరుసగా తగులుతూ ఉంటే లోపల ఒక మీటర్ నిండుతుంది, నిండగానే హెల్త్‌లో పెద్ద ముక్క ఒక్కసారిగా ఊడిపోతుంది. దాని స్కిల్ అన్‌షీత్ కూడా చాలా బలమైనది. కత్తిని ఒరలో పెట్టి, ఆగి, ఒక్క వేటు. ఆ ఒక్క వేటుతో పడిపోయే శత్రువులు ఆట మొదలయ్యే ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లో ఎంతోమంది. విల్లు ఉపయోగం మాత్రం చాలామంది గుర్తించరు. గుంపులోంచి ఒక్కడిని బాణంతో కొట్టి పక్కకు రప్పించుకోవచ్చు. నన్ను అంత విసిగించిన గేట్‌ఫ్రంట్ సైనికులను మా తమ్ముడు సమురాయ్‌తో ఇలాగే ఒక్కొక్కడినీ పిలిచి ముగించాడు. పక్కన కూర్చుని చూస్తూ నాకు అది ఎందుకు తోచలేదా అని ఆశ్చర్యపోయాను.

మరి అందరికీ సమురాయే ఎందుకు చెప్పకూడదు? వాడి దగ్గరున్న చిన్న గుండ్రటి షీల్డ్ దెబ్బను పూర్తిగా ఆపదు, షీల్డ్ పట్టుకున్నా హెల్త్ కొంత కారుతూనే ఉంటుంది. కాబట్టి వాడితో ఆడాలంటే మొదటి నుంచే రోల్ వచ్చి ఉండాలి. పైగా ఉచిగటాన వాడికే సొంతం కాదు. లిమ్‌గ్రేవ్‌లోనే డెత్‌టచ్డ్ కాటకూంబ్స్ అనే భూగర్భ సమాధిలో ఇంకొకటి దొరుకుతుంది. దాన్ని పట్టుకోవడానికి స్ట్రెంత్ 11, డెక్స్‌టెరిటీ 15 కావాలి. వాగబాండ్‌కి స్ట్రెంత్ 14, డెక్స్‌టెరిటీ 13 మొదటే ఉన్నాయి. అంటే రెండే రెండు లెవెల్స్! షీల్డ్‌తో నేర్చుకుని, తర్వాత అదే కత్తి చేతికి తెచ్చుకోవచ్చు. నా దృష్టిలో వాగబాండ్ వైపు తూకం మొగ్గేది ఇక్కడే.

మిగతా ఏడింటి గురించి క్లుప్తంగా. కన్ఫెసర్ మంచి నాలుగో ఎంపిక. కత్తి, గట్టి షీల్డ్‌తో పాటు హెల్త్ నింపుకునే మంత్రం కూడా వస్తుంది. ప్రొఫెట్‌కి ఆస్ట్రాలజర్ కష్టాలే ఉంటాయి. ప్రిజనర్ కత్తినీ మ్యాజిక్‌నూ కలిపి ఆడాలనుకునేవాళ్లకు, కానీ మొదటిసారే రెండు పడవల మీద కాళ్లు వద్దు. హీరో, వారియర్, బాండిట్ రెండోసారికి. రెచ్ లెవెల్ 1తో, ఒంటి మీద కవచం లేకుండా, ఒక కర్రతో మొదలవుతాడు. దయచేసి వద్దు.

క్లాస్ అన్నది మొదలు మాత్రమే. వాగబాండ్ మంత్రాలు నేర్చుకోకూడదని, ఆస్ట్రాలజర్ పెద్ద కత్తి పట్టుకోకూడదని ఆటలో నిబంధనేమీ లేదు, లెవెల్స్ ఎక్కడ పెడితే అటు వెళతారు. అందుకే క్లాస్ కంటే ఆ తర్వాత తీసుకునే రెండు మూడు నిర్ణయాలకే బరువు ఎక్కువ అంటాను.

వాటిలో మొదటిది విగర్. కొత్తవాళ్లు దాదాపు అందరూ లెవెల్స్ అన్నీ డ్యామేజ్‌కి పోస్తారు. ఈ ఆట మొదట్లో స్ట్రెంత్ ఒకటి పెంచితే దెబ్బ బలం పెరిగేది చాలా తక్కువ. డ్యామేజ్ నిజంగా పెరిగేది ఆయుధాన్ని స్మితింగ్ స్టోన్స్‌తో బలపరచుకున్నప్పుడు. చర్చ్ ఆఫ్ ఎల్లేలో ఉన్న బల్ల దగ్గర +3 దాకా మీరే చేసుకోవచ్చు, రాళ్లు లిమ్‌గ్రేవ్ టన్నెల్స్‌లో దొరుకుతాయి. కాబట్టి రాళ్లు ఆయుధానికి, లెవెల్స్ విగర్‌కి. స్టార్మ్‌వీల్ కోటకు వెళ్లేలోపు విగర్ 20 ఉంటే ఊపిరి ఆడుతుంది. ఆట మధ్యకు వచ్చేసరికి 40 లక్ష్యంగా పెట్టుకోండి. 40 దాటాక, మళ్లీ 60 దాటాక లాభం తగ్గిపోతుంది.

రెండోది దారి. బంగారు వెలుగు రేఖ నేరుగా స్టార్మ్‌వీల్ కోట వైపు చూపిస్తుంది, అక్కడ మార్గిట్ అనే బాస్ కాచుకుని ఉంటాడు. దెబ్బ వేయబోయి చెయ్యి పైకెత్తి ఆగిపోతాడు. మీరు కంగారుపడి ముందే దొర్లుతారు, అప్పుడు వేస్తాడు. అంత త్వరగా అతని దగ్గరికి వెళ్లనక్కర్లేదు. దక్షిణంగా వంతెన దాటితే వీపింగ్ పెనిన్సులా ఉంది. అక్కడి మూడు చర్చిల్లో మూడు సేక్రెడ్ టియర్స్ ఉన్నాయి, ఒక్కొక్కటీ ఫ్లాస్క్ నింపే హెల్త్‌ను పెంచుతుంది. ఆ ప్రాంతమంతా తిరిగి, కాజిల్ మోర్న్ పూర్తిచేసుకుని వస్తే అదే మార్గిట్ వేరేలా కనిపిస్తాడు. నేను రెండోసారి వాగబాండ్‌తో అలాగే వెళ్లాను. నాలుగో ప్రయత్నంలో పడిపోయాడు, కానీ ఆ నాలుగుసార్లూ ఎందుకు ఏమైందో నాకు స్పష్టంగా తెలిసింది.

మూడోది చిన్నదే కానీ తప్పిపోతే బాధ. గుర్రం టారెంట్ దొరికాక చర్చ్ ఆఫ్ ఎల్లేకి తిరిగి వెళ్లండి, రెన్నా అనే ఆమె స్పిరిట్ యాషెస్ (మీ తరఫున పోరాడే ఆత్మలు) పిలిచే గంటను, మూడు తోడేళ్ల యాషెస్‌ను ఇస్తుంది. ఆ తోడేళ్లకు 55 ఎఫ్‌పీ పడుతుంది, మూడు క్లాసులకూ మొదటి నుంచే అంత ఉంటుంది. వాడితే గెలుపు గెలుపు కాదనే మాటలు పట్టించుకోకండి. ఆట ఇచ్చిన సాయం అది, మొహమాటం లేకుండా తీసుకోండి. కీప్‌సేక్ (క్లాస్‌తో పాటు మొదట్లో ఎంచుకునే కానుక) ఏది తీసుకోవాలంటే గోల్డెన్ సీడ్, ఫ్లాస్క్ లెక్క మొదటి నుంచే ఒకటి పెరుగుతుంది.

ఇంత చెప్పాక కూడా మీ మనసు మంత్రాల మీదే ఉంటే ఆస్ట్రాలజరే తీసుకోండి. ఇష్టం లేని ఆయుధంతో ఇంత పెద్ద ఆట ఆడలేరు. వేపాయింట్ శిథిలాల కింద ఉండే సెలెన్ దగ్గర కొత్త మంత్రాలు కొనండి. గ్రేస్ (విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర కూర్చున్నప్పుడు ఫ్లాస్కుల్లో ఎఫ్‌పీ నింపే నీలివాటి వాటా పెంచుకోండి. కేలిడ్‌లో స్ట్రీట్ ఆఫ్ సేజెస్ శిథిలాల్లో మీటియోరైట్ స్టాఫ్ ఉంది. ఇంటెలిజెన్స్ 18 చాలు, ఆస్ట్రాలజర్‌కి 16 ముందే ఉంది. చుట్టూ స్కార్లెట్ రాట్ (ఒంటికి పట్టి హెల్త్ తినేసే తెగులు) బురద కాబట్టి టారెంట్ దిగకుండా వెళ్లి, తీసుకుని వచ్చేయండి. దానితో ఆట సగం తేలికవుతుంది. అయితే మంత్రవిద్యల అకాడమీ రాయా లుకారియాలో ఏలికగా ఉన్న రెన్నాలాకు మ్యాజిక్ దెబ్బలు సరిగా ఎక్కవు. అప్పటికి చేతిలో ఒక మంచి కత్తి కూడా ఉంచుకోండి.

ఆమెను గెలిచాక ఇంకో తలుపు తెరుచుకుంటుంది: లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇస్తే మీ లెవెల్స్ అన్నీ వెనక్కి తీసుకుని కొత్తగా పంచుకోవచ్చు. వాగబాండ్‌గా మొదలుపెట్టినవాళ్లు మంత్రగాళ్లు కావాలనుకుంటే అప్పుడు కావచ్చు, అప్పటికి రోల్, షీల్డ్, ఓపిక అన్నీ వచ్చి ఉంటాయి.

ఇప్పటికే ఆస్ట్రాలజర్‌తో మొదలుపెట్టి ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటే, సేవ్ తీసేసి మళ్లీ మొదలుపెట్టకండి. మీరు లెవెల్ 6తో మొదలయ్యారు, వాగబాండ్ 9తో. అంటే మీ మొదటి మూడు లెవెల్స్ తక్కువ రూన్స్‌కే (లెవెల్ పెంచుకోవడానికి ఖర్చుపెట్టేవి) వస్తాయి. ఆ మూడూ, వాటి తర్వాత ఇంకో మూడూ విగర్‌లో పెడితే వాగబాండ్‌తో సమానంగా 15కి చేరతారు. ఆ తర్వాత దక్షిణాన వంతెన దాటండి.