వయోలా: కన్సర్వేటరీలో చేరాలా, ఆర్కెస్ట్రా కళాకారుల దగ్గర విడిగా నేర్చుకోవాలా?

వయోలా అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కింది స్వరాలు పలికే తీగవాద్యం; కన్సర్వేటరీ అంటే పాశ్చాత్య సంగీత కళాశాల. రెండు చోట్లా నేర్పేది వృత్తి కళాకారులే. తేడా అంతా పాఠం బయట ఉంటుంది.

ఖర్చు: కన్సర్వేటరీ అంటే ఏళ్ల తరబడి ఫీజు, పైగా అక్కడ ఉండే ఖర్చు. విడిగా అయితే పాఠానికింత అని ఇస్తాం, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆపుకోవచ్చు.

శ్రమ: అక్కడ థియరీ, రిహార్సల్స్, పరీక్షలు వెంటపడి చేయిస్తాయి. ఇక్కడ సాధన మన పట్టుదలను బట్టే.

తోడు: నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వయోలాలో అన్నిటికన్నా కింది స్వరం పలికే సి తీగ లావు, కాస్త ఆలస్యంగా పలుకుతుంది. విల్లును ముందే తీగకు ఆనించి, పట్టు దొరికాక లాగాలి. ఈ కిటుకు ఏ మంచి గురువైనా పక్కన కూర్చుని నేర్పగలరు. కానీ స్ట్రింగ్ క్వార్టెట్‌లో (రెండు వయొలిన్లు, ఒక వయోలా, వీటికన్నా పెద్ద తీగవాద్యమైన చెల్లో కలిసిన నలుగురి బృందం) చెల్లోతో సరిగ్గా ఒకే క్షణంలో ఆ స్వరం పలికించడం నలుగురితో రోజూ వాయిస్తేనే వస్తుంది. కన్సర్వేటరీలో ఆ నలుగురూ పక్క గదుల్లోనే ఉంటారు.

రిస్కు: డిగ్రీ ఉద్యోగానికి హామీ కాదు. చాలా ఆర్కెస్ట్రాలు తొలి వడపోతలో అభ్యర్థిని తెర వెనక ఉంచి వింటాయి. సాధారణంగా అడిగేది స్టామిట్జ్ లేదా హాఫ్‌మైస్టర్ అనే స్వరకర్తలు రాసిన వయోలా కాన్చెర్టో (ఒక వాద్యం ప్రధానంగా ఆర్కెస్ట్రాతో కలిసి సాగే రచన), ఆర్కెస్ట్రా రచనల్లోంచి కొన్ని భాగాలు.

ఆర్కెస్ట్రానే జీవనోపాధిగా అనుకుంటే, స్కాలర్‌షిప్ కూడా దొరికితే, కన్సర్వేటరీలో చేరండి. వేరే ఉద్యోగం ఉన్నవాళ్లకూ, వయొలిన్ నుంచి ఇప్పుడిప్పుడే మారి ఆల్టో క్లెఫ్ (వయోలా స్వరాలు రాసే పద్ధతి) చదవడం అలవాటు చేసుకుంటున్నవాళ్లకూ విడి పాఠాలే మేలు. అప్పు చేసి చేరాల్సి వస్తే మాత్రం, ముందు ఆ కన్సర్వేటరీలో మీకు నేర్పబోయే గురువు దగ్గరే కొన్ని పాఠాలు విడిగా చెప్పించుకోండి.