సదర్ దున్న స్ట్రాలు కొనే ముందు: వంశం చూసి చెప్పే సర్వీసుపై నా రివ్యూ

"సదర్‌లో ఫలానా దున్న బాగుంది, దాని స్ట్రాలు దొరుకుతున్నాయట, వేయిద్దామా?" అని అడిగేవాళ్లు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. సదర్ అంటే దీపావళి తర్వాత హైదరాబాద్‌లో దున్నలను అలంకరించి ఊరేగించే పండుగ, స్ట్రా అంటే దున్న వీర్యాన్ని ఫ్రీజ్ చేసి నింపిన సన్నని గొట్టం. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను. నేను డబ్బు కట్టి వాడుకున్న సర్వీసు ఇది. రాజేంద్రనగర్ వైపు ఒక రిటైర్డ్ పశువైద్యులు ఉన్నారు, పశువుల జన్యుశాస్త్రం చదివినవారు. మన కొట్టానికి వచ్చి ఒక్కో బర్రెనూ చూస్తారు. అమ్మేవాళ్లు ఇచ్చిన దున్న వంశావళి చదువుతారు. ఏ బర్రెకు ఏ దున్న సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలో కాగితం మీద రాసిస్తారు. బర్రెకు 300 రూపాయలు, రానూపోనూ ఖర్చులు వేరే. ఆయన స్ట్రాలు అమ్మరు, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోరు. పేరు బయట పెట్టొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మాది ఘట్‌కేసర్ దగ్గర కొట్టం, అన్నీ ముర్రా జాతి బర్రెలే. మామ ఇప్పటికీ ఏటా నారాయణగూడ సదర్‌కి దున్నను తోలుకెళ్తారు. మా ఇంట్లో దీపావళి కంటే ఆ తర్వాత వచ్చే సదరే పెద్ద పండుగ. ఒంటికి నూనె పట్టించి, కొమ్ములకు రంగు వేసి, మెడలో దండలు, కాళ్లకు గజ్జెలు, నెమలీకలు కట్టి, డప్పుల మోతలో దున్న ముందు కాళ్లు పైకెత్తి నిలబడితే చూసే కళ్లు చాలవు. హర్యానా నుంచి వచ్చే దున్నలైతే మరీ. యువరాజ్ అనే దున్న వచ్చినప్పుడు దాని పక్కన ఫోటో దిగడానికి జనం ఎలా ఎగబడ్డారో ఊళ్లో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పోషణ, ఆ శిక్షణ, ఆ ప్రేమ మీద నాకు గౌరవం ఉంది. నేను అడిగేది వేరే సంగతి. ఆ దున్నకు పుట్టే పడ్డ (ఆడదూడ) రేపు మన బకెట్‌లో ఎన్ని పాలు పోస్తుంది?

ఈసారి ఒక ఏజెంట్ మాకు ఒక షో దున్న స్ట్రాలు తెచ్చి చూపించాడు. స్ట్రా ఒక్కటి 1,200 రూపాయలు. దాంతోపాటు లామినేషన్ చేసిన వంశావళి పట్టిక. తల్లి 26 లీటర్లు, అమ్మమ్మ 22, తండ్రి ఛాంపియన్, తాత ఛాంపియన్. మామకు బాగా నచ్చింది. నేను ఆ పశువైద్యుల సార్‌ని పిలిపించాను.

ఆయన పట్టిక అందుకోగానే 26 అనే అంకె మీద వేలు పెట్టారు. "ఇది ఎన్నో ఈతలో (కాన్పులో) అమ్మా? ఒక్కరోజు పాలా, మూడు రోజుల సగటా? ఎవరు కొలిచారు? ఈత మొత్తానికి, అంటే 305 రోజులకు, ఎంత?" అని అడిగారు. పట్టికలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పోటీలో పిండేది బర్రె మంచి పాల మీద ఉన్నప్పుడు, రకరకాల దాణా పెట్టి. ఈనిన రెండో నెలలో 20 లీటర్లు ఇచ్చి అయిదో నెలకల్లా ఏడుకు పడిపోయే బర్రె ఉంటుంది. 14 దగ్గర మొదలై ఎనిమిది నెలలు పెద్దగా తగ్గని బర్రె ఉంటుంది. ఏడాది చివర డబ్బు లెక్క వేసుకుంటే రెండోదే మేలని కొట్టం నడిపే ప్రతి ఆడమనిషికీ తెలుసు. పట్టిక రాసినవాళ్లకు మాత్రం మొదటిదే కావాలి.

తర్వాత ఆయన చెప్పిన లెక్కే ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. పాల దిగుబడిలో బర్రెకూ బర్రెకూ కనిపించే తేడాలో సుమారు నాలుగో వంతే రక్తంలో వచ్చేది. మిగతాది మేత, నీళ్లు, ఎండ, జబ్బులు, పిండే చెయ్యి. అందుకని తల్లి ఒక ఈతలో ఇచ్చిన పాలు నిజమే అయినా, కొడుకు విలువ గురించి అది చెప్పగలిగేది నూటికి ఆరు పాళ్లేనట. అదే దున్నకు వేరు వేరు కొట్టాల్లో పుట్టిన 15 మంది కూతుళ్ల పాలు కొలిస్తే నమ్మకం 50 శాతానికి వస్తుంది. 60 మంది కూతుళ్లను కొలిస్తే 80 శాతం. దున్న ఎత్తు, బరువు, నిగనిగలాడే చర్మం ఈ లెక్కలో ఎక్కడా రావు. బాదం, నెయ్యి పెట్టి, రోజూ నడిపించి, నూనెతో మాలిష్ చేస్తే వచ్చిన కండ కూతురికి సంక్రమించదు.

మామ ఊరుకోలేదు. "సారూ, గింత పెద్ద రక్తం, తండ్రి తాత అందరు ఛాంపియన్లే. పాలు రాకుంట ఎట్ల పోతయ్?" అన్నారు. సార్ ఆయన్ని కించపరచలేదు. "పెద్దాయనా, మీ అన్నదమ్ములందరూ ఒకే తల్లిదండ్రుల పిల్లలే కదా, అందరూ ఒకేలా ఉన్నారా?" అన్నారు. తండ్రి నుంచి సగం వస్తుంది, ఏ సగం వస్తుందో మన చేతిలో లేదు. అందుకే బ్రీడింగ్ వాల్యూ, అంటే రక్తంలో ఉన్న పాల విలువ, 400 లీటర్లు ఎక్కువ ఉన్న దున్న వేయించినా కూతుళ్లకు సగటున వచ్చేది 200. ఒక కూతురికి ఇంకా ఎక్కువ రావచ్చు, ఇంకోదానికి ఏమీ రాకపోవచ్చు. మామ చాలాసేపు మౌనంగా ఉండి, చివరికి "అయితే కూతుర్లు ఎక్కడున్నయో చెప్పు" అని ఏజెంట్‌తో అన్నారు. అతని దగ్గర జవాబు లేదు.

వయసు లెక్క కూడా చూడండి. సూది పడిన రోజు నుంచి బర్రె చూడి సుమారు 310 రోజులు. పుట్టిన పడ్డ మొదటి ఈతకు రావడానికి మన దగ్గర మూడున్నర ఏళ్లు. ఆ ఈత పాలు పూర్తిగా కొలవాలంటే ఇంకో 305 రోజులు. అంటే అయిదేళ్లు దాటుతుంది. మంచి వయసులో సదర్‌లో మెరిసే చాలా దున్నలకు కొలిచిన కూతుళ్లు ఉండే వీలే తక్కువ. ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే రక్త నమూనాతో జన్యువులు చదివే పద్ధతి వచ్చింది. 2024 అక్టోబరులో కేంద్రం ఆవులకు గోచిప్, బర్రెలకు మహిష్‌చిప్ విడుదల చేసింది. అయితే చిప్ ఫలితం నమ్మాలన్నా దాని వెనక వేల బర్రెల కొలిచిన పాల లెక్కలు ఉండాలి. ఆ మాట సార్ గట్టిగా చెప్పారు.

నాకు బాగా గుర్తుండిపోయింది స్ట్రా చదివిన తీరు. ఏజెంట్ ఫోన్‌లో ఉన్న ఫోటోను పెద్దది చేసి చూపించారు. పావు మిల్లీలీటరు పట్టే సన్నని గొట్టం. మంచి కేంద్రం స్ట్రా మీద జాతి, దున్న నంబరు, కేంద్రం గుర్తు, ఫ్రీజ్ చేసిన తేదీ లేదా బ్యాచ్ అచ్చు వేసి ఉంటాయి. ఏజెంట్ తెచ్చిన స్ట్రా మీద దున్న ముద్దుపేరు, ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉన్నాయి. నంబరు లేకపోతే రేపు పుట్టే పడ్డ తండ్రి ఎవరో రాసుకోలేం. కేంద్రం పేరు లేకపోతే ఆ దున్నకు బ్రూసెల్లా, టీబీ పరీక్షలు జరిగాయో లేదో తెలియదు. బ్రూసెల్లా చూడి బర్రెలకు గర్భం పోయేట్లు చేయడమే కాదు, మనుషులకూ అంటుతుంది. నాకు ధర కంటే ఇదే ఎక్కువ భయం వేసింది.

ఇంకో సంగతి ఆయన మాత్రమే పట్టుకోగలిగారు. మా రెండు బర్రెల తండ్రి నంబరు, ఆ షో దున్న తండ్రి నంబరు ఒకటే. నా రిజిస్టరు, చెవి ట్యాగుల మీది 12 అంకెలు, పట్టిక పక్కపక్కన పెట్టుకుని చూపించారు. అంటే తండ్రి ఒక్కడే అయిన అన్నాచెల్లెళ్లను కలిపినట్టు. అలా పుట్టే దూడలో దగ్గర సంబంధపు దోషం (ఇన్‌బ్రీడింగ్) 12.5 శాతం ఉంటుంది. ఎదకు సరిగా రాకపోవడం, దూడ బలహీనంగా పుట్టడం, పాలు తగ్గడం అక్కడి నుంచే మొదలవుతాయి. ఒకే పేరున్న దున్న వెనక ఊరంతా పడితే నాలుగైదేళ్లలో ఊళ్లోని పడ్డలన్నీ అక్కాచెల్లెళ్లవుతాయి. తర్వాత వాటికి ఏ దున్నను తేవాలి?

బర్రెలను చూడటంలోనూ తొందరపడరు. మా పెద్ద బర్రె వెనక చేరి, పిండకముందు ఒకసారి, పిండాక ఒకసారి పొదుగు చూశారు. పిండాక పొదుగు మెత్తగా ముడుచుకుపోతే అది పాల పొదుగు, అలాగే గట్టిగా ఉంటే కండ అని చెయ్యి పెట్టి చూపించారు. దాని వెనక చన్నులు మరీ దగ్గరగా ఉన్నాయి, కాబట్టి కూతుళ్లకు చన్నుల అమరిక బాగున్న దున్నను రాశారు. వెన్న తక్కువగా వస్తున్న ఇంకో బర్రెకు పాలు కొంచెం తక్కువైనా వెన్న శాతం పెంచే దున్నను రాశారు. మేము డెయిరీకి పోసేది వెన్న రేటు మీద కాబట్టి అది మాకు సరిగ్గా సరిపోయే సలహా. చివరికి ఆయన రాసినవన్నీ కూతుళ్ల లెక్క ఉన్న దున్నలే, ప్రభుత్వ కేంద్రాల స్ట్రాలు. షో దున్న స్ట్రాకు అడిగిన ధరలో చాలా చిన్న వంతుకే మా గోపాలమిత్ర (ఊళ్లో సూదులు వేసే కార్యకర్త) తెచ్చి వేశాడు.

లోపాలు కూడా చెప్పాలి. ఆయన ఇచ్చే కాగితం నిండా ఇంగ్లిష్ పొడి అక్షరాలే. నాకు కూర్చోబెట్టి చెప్పారు కాబట్టి అర్థమైంది, మామ ఒక్కరే ఉంటే ఆ కాగితం చూరులో దోపేసేవారు. తెలుగులో రాసివ్వాలి. ఫోన్ తొందరగా ఎత్తరు. ఎద పట్టే సమయం గంటల లెక్క కాబట్టి రాత్రిపూట అనుమానం వస్తే ఆయన దొరకరు. పాల రికార్డు లేని కొట్టానికి ఆయన పెద్దగా చేయగలిగింది లేదు, రెండు మూడు బర్రెలున్న వాళ్లకు ఇది ఇబ్బందే. ఆడదూడలే పుట్టే సెక్స్‌డ్ సీమెన్ గురించి అడిగితే పడ్డలకే ముందు వాడమన్నారు, చూడి నిలిచే శాతం మామూలు స్ట్రా కంటే తక్కువని. అంతకుమించి వివరంగా చెప్పలేదు. ఇంకొంచెం చెప్పాల్సింది.

అయిదుకు నాలుగు ఇస్తాను. మా బర్రెల్లో కొన్ని చూడి నిలిచాయి, పడ్డలు పుట్టి పాలకు వచ్చేదాకా అసలు ఫలితం నేను చెప్పలేను. కానీ వద్దన్న స్ట్రా విషయంలో ఆయన చూపిన కారణాలు నా రిజిస్టరులోనే ఉన్నాయి, ఆ ఒక్కదానికే కట్టిన డబ్బు గిట్టింది.

పిలిపించుకునేవాళ్లు చెవి ట్యాగు నంబర్లు, సూది వేయించిన తేదీలు, ఈనిన తేదీలు, తండ్రి దున్న నంబర్లు రాసి పెట్టుకోండి. నెలకు ఒక రోజు పొద్దునా సాయంత్రం రెండు పూటలా పాలు తూకం వేసి రాయండి, దూడకు వదిలిన చన్ను ఉంటే అదీ పక్కన రాయండి. పాలు పిండే వేళలు వదిలేసి పొద్దున పదకొండు తర్వాత ఫోన్ చేస్తే ఆయన దొరుకుతారు.